సూరత్ గల్లీల్లో నలభై మూడు లంగర్లు

సూరత్ నుంచి ఏం తెచ్చారని అడిగిన ప్రతివారికీ ఇన్నాళ్ళూ జలుబు తెచ్చానని చెబుతూ వచ్చాను. చీరలంటే ఎవరికని అడుగుతారు, వజ్రాలంటే ఎవరూ నమ్మరు. పెళ్ళీ పెటాకులూ లేని యాభై మూడేళ్ళ మనిషి, జనం గుమ్మం దాటి గేటు దాకా రావడానికే జంకుతున్న రోజుల్లో, దేశానికి ఈ కొస నుంచి ఆ కొసకు ఎందుకు వెళ్ళాడో ఒక్క ముక్కలో చెప్పడం కష్టం. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. చదివినవాళ్ళు మళ్ళీ అడగకూడదు.

నాది విశాఖపట్నం. చేపల రేవు దగ్గర చిన్న దుకాణం. చేపల బోట్లలో చార్ట్‌ప్లాటర్ అని ఒక పెట్టె ఉంటుంది. చూడ్డానికి బుల్లి టీవీ. అందులో సముద్రం పటం, పటం మీద మన బోటు బొమ్మ. చేపలు బాగా పడిన చోటో, వల చిరిగిన రాయి దగ్గరో మీట నొక్కితే ఆ చోటు పెట్టెలో ఉండిపోతుంది. తయారుచేసినవాళ్ళు దాన్ని వేపాయింట్ అంటారు, మా రేవులో మార్కు అంటారు. మార్కుల్ని వరసగా కలిపితే రూటు. ఏళ్ళ తరబడి పోగుపడిన ఈ మార్కుల్నీ రూట్లనీ పెట్టెలోంచి కంప్యూటర్లోకి ఎక్కించి, శుభ్రం చేసి, మళ్ళీ పెట్టెలోకి దించడం నా పని. శుభ్రం చేయడం మాత్రం నేను సొంతంగా కలిపింది, ఎవరూ అడగరు. ఒకే చోట మూడు మార్కులు కనబడినా, వరసలో ఒక నంబరు తప్పిపోయినా నాకు ఆ పూట అన్నం సయించదు.

నూకరాజు అనే సరంగు, అంటే బోటు నడిపేవాడు, తన మార్కులకు పెళ్ళాం పేరూ, నలుగురు కూతుళ్ళ పేర్లూ, అత్తగారి పేరూ పెట్టుకుని వస్తే, "ఇది సముద్రమా, రేషన్ కార్డా?" అని తిట్టి పంపాను. ఆ నూకరాజే ఒకప్పుడు రెండు సీజన్లు గుజరాత్‌లో రమణ్‌భాయ్ అనే ఆయన బోటు మీద పనిచేశాడు. నా నంబరు ఆయనకు ఇచ్చింది వీడే. తిట్లు తిన్నవాడు ఇంత ఉపకారం ఎందుకు చేశాడో నాకు అప్పుడు అర్థం కాలేదు.

రమణ్‌భాయ్ ఫోన్ చేసింది 2021 జూలై చివర్లో. పెట్టె తెర సగం నల్లబడిపోయిందట. ఏ రోజైనా పూర్తిగా పోవచ్చు. వేట నిషేధం ముగిసి ఆగస్టులో బోటు సముద్రంలోకి దిగాలి. కొత్త పెట్టె కొన్నాడు. పాతదాన్ని పార్సిల్లో పంపమంటే, కన్నపిల్లను పార్సిల్లో పంపమన్నట్టు మాట్లాడాడు. "మార్కులన్నీ కంప్యూటర్లోకి రావాలి. ఒక్కటి కూడా పోకూడదు" అని హిందీలో మూడుసార్లు చెప్పాడు. ఒక్కటి కూడా పోదని నేను నాలుగుసార్లు చెప్పాను.

అప్పటికి కరోనా రెండో వేవ్ పోయి నెలన్నర. ఆ వేవ్‌లో నాకూ వచ్చింది. పద్నాలుగు రోజులు గదిలో ఒక్కణ్ణే, బిస్కెట్లూ ఉప్మా తిని బతికాను. ఎవరికీ చెప్పలేదు. నా ఇల్లెక్కడో రేవులో ఒక్కరికి కూడా తెలియదు. చెబితే ఎవరైనా వస్తారేమో, వచ్చి సామాన్లు కదుపుతారేమోనని నా భయం. ఇదీ నా స్వభావం, ముందే చెప్పుకోవడం మంచిది.

వరంగల్లు దాటాక

బెజవాడలో రైలు మారి, మాస్కు మీద మాస్కు పెట్టుకుని, సీటంతా శానిటైజర్‌తో తుడిచి కూర్చున్నాను. వరంగల్లులో ఆరుగురు ఎక్కారు. సూరత్ మగ్గాల మీద పనిచేసేవాళ్ళు, లాక్‌డౌన్ బంద్‌లో ఊరికి వచ్చి మళ్ళీ పనికి వెళుతున్నారు. ఆరుగురి మాస్కులూ గడ్డాల కిందే ఉన్నాయి. నేను కిటికీకి అతుక్కుపోయాను.

వాళ్ళలో పెద్దాయన టిఫిన్ డబ్బా విప్పి సర్వపిండి ముక్క చేతిలో పెట్టబోయాడు. వద్దన్నాను. "ఏంది సార్, గట్ల దూరం దూరం కూసుంటున్నవ్? తిను, జర గట్టిగుంటది గని రుచుంటది" అన్నాడు. నువ్వులూ పల్లీలూ వేసి కాల్చిన ఆ వాసనకు నా రెండు మాస్కులూ ఆగలేదు. రెండు ముక్కలు తిన్నాను. ఏం పనిచేస్తానని అడిగాడు. మార్కుల సంగతి విడమరిచి చెప్పాను. ఆయన నమిలీ నమిలీ, "అంటే నువ్వు సముద్రానికి పట్వారివన్నట్టు" అన్నాడు. పాతికేళ్ళ అనుభవాన్ని ఇంత కురచగా ఎవరూ చెప్పలేదు. కాస్త నొచ్చుకున్నాను. మర్నాడు సూరత్ ముందు స్టేషన్ ఉధ్‌నాలో వాళ్ళు దిగేటప్పుడు మాత్రం మరో ముక్క అడిగి పుచ్చుకున్నాను.

ఖటోదరాలో సత్తవ్వ మెస్సు

సూరత్ స్టేషన్లో ముక్కులో పుల్ల పెట్టి పరీక్ష చేశారు. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ బయటికొస్తే, ఎవరో ఏడుస్తూ దిగాడనుకుని ఆటోవాడు పది రూపాయలు తగ్గించాడు.

నాకు బస ఖటోదరాలో, సత్తవ్వ మెస్సు మీది గదిలో. ఖటోదరా పాత మిల్లుల ఇలాకా. గోడకు చెవి ఆనించకపోయినా మగ్గాల చప్పుడు పళ్ళలోకి వస్తుంది. సత్తవ్వది సిరిసిల్ల వైపు పల్లె. ముప్పై ఏళ్ళ కిందట మొగుడితో మగ్గాల పనికి వచ్చి, ఆయన పోయాక మన మగ్గాలవాళ్ళకు అన్నం వండిపెట్టడం మొదలుపెట్టింది. రమణ్‌భాయ్ పదిహేనేళ్ళుగా ఆమెకు చేపలు పోస్తాడు. మనిషి పొట్టి, గొంతు మాత్రం మగ్గాల మీంచి వినిపించేంత పెద్దది.

"తమ్మీ, మీ దిక్కు పొద్దుగాల ఏం తింటరు?" అంది. ఇడ్లీ అన్నాను. "ఈడ లోచో తింటరు. పో, మూలమీద బండి ఉంటది. తినకుంటె సూరత్ వచ్చినట్టు గాదు."

లోచో అంటే ఢోక్లా చేయబోతే జారిపోయిన పిండి అని చెబుతారు. పళ్ళెంలో మెత్తగా కూలబడి ఉంటుంది. మీద నూనె, సన్న కారప్పూస లాంటి సేవ్, ఉల్లిపాయ ముక్కలు. నలభై రూపాయలు. మా ఊళ్ళో వంట చెడిపోతే పక్కింటివాళ్ళకు తెలియకుండా పారేస్తాం, వీళ్ళు దానికి బండి పెట్టి అమ్ముతున్నారు. రెండో ప్లేటు తింటూ ఈ ముక్క బండివాడికి వచ్చీరాని హిందీలో చెప్పాను. వాడు మెచ్చుకోలు అనుకుని సేవ్ ఇంకాస్త చల్లాడు. ఒకటి మాత్రం సూరత్‌వాళ్ళను క్షమించలేను. పప్పులో పంచదార. కూరలో పంచదార. మజ్జిగలో కూడా వేస్తారేమోనని గ్లాసు పైకెత్తి వెలుగులో చూసి తాగాను.

డుమస్ బురద

రమణ్‌భాయ్ బోటు డుమస్ బీచి అవతల, తాపీ నది సముద్రంలో కలిసే చోట ఉంది. ఉందంటే నీళ్ళలో కాదు, బురదలో. మా విశాఖలో పోటుకూ ఆటుకూ తేడా ఒక మనిషి ఎత్తు. అక్కడ ఆటు వస్తే సముద్రం కనుచూపు మేర వెనక్కి వెళ్ళిపోతుంది, బోట్లన్నీ బురదలో ఒక పక్కకు ఒరిగి నిద్రపోతుంటాయి. పలక వేస్తాను ఆగమని రమణ్‌భాయ్ అరుస్తూనే ఉన్నాడు. నేను ఆగలేదు. మోకాలి దాకా దిగబడ్డాను. ఎడమ చెప్పు ఇప్పటికీ అక్కడే ఉంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నేను తొక్కాను, కడిగింది రమణ్‌భాయ్.

ఆయనకు అరవై దాటాయి. చేతిలో మీటల ఫోను, మెళ్ళో తాడుకు కట్టిన కళ్ళజోడు. పాత పెట్టెను తల్లి పసిబిడ్డను ఇచ్చినట్టు ఇచ్చాడు. ఎడమ సగం నల్లగా ఉంది, కుడి సగం బతికే ఉంది. "అన్నీ రావాలి" అన్నాడు మళ్ళీ. "కుదా కసమ్ ఆతా హై" అన్నాను. ఆ కుదా ఎందుకొచ్చాడో నాకే తెలియదు.

పని ఒప్పుకున్నందుకు టమాటా బజ్జీలు తినిపించాడు. డుమస్ వెళ్ళినవాళ్ళు ఇవి తినకుండా రారు. టమాటా చక్రాలా కోసి, పచ్చిమిరపకాయ చట్నీ రాసి, పిండిలో ముంచి వేయిస్తారు. కొరికితే లోపలి రసం నాలుక కాలుస్తుంది. మా బీచి మిరపకాయ బజ్జీకి తగిన వియ్యంకుడే అని ఒప్పుకున్నాను. నాలుక కాలిన వాడి మాట కాబట్టి నమ్మవచ్చు.

నా ఘనకార్యం

ఆ మధ్యాహ్నం మెస్సు మీది గదిలో బ్యాటరీకి పెట్టెను తగిలించి, కార్డు పెట్టి, మార్కులన్నీ కంప్యూటర్లోకి లాగాను. రెండు వందల పైచిలుకు. పటం మీద పరిచి చూస్తే ప్రాణం లేచొచ్చింది. ఇసుక దిబ్బల మధ్య సన్నటి కాలువలో రూటు, దిబ్బ తర్వాత దిబ్బ, ఎక్కడా గీత వంకర పోలేదు. చేపలున్న చోట చేప బొమ్మ, రాయి ఉన్న చోట పుర్రె బొమ్మ. ఇంత శుభ్రమైన మనిషిని నా జన్మలో చూడలేదు.

తర్వాత పటాన్ని కాస్త పక్కకు జరిపితే నేల మీద లంగరు బొమ్మలు కనబడ్డాయి. ఒకటి కాదు, నలభై మూడు. ఖటోదరా మిల్లుల మధ్య లంగరు. వజ్రాలు సానపట్టే కతర్‌గామ్‌లో లంగరు. హైవే మీది కడోదరాలో ఏకంగా పదిహేను లంగర్లు, రెండు పుర్రెలు. చేపల బోటు కడోదరాలో లంగరు వేయాలంటే హైవే టోలు కట్టి వెళ్ళాలి. యాంటెన్నా చెడిపోతే పెట్టె ఇలాంటి అబద్ధాలు చెబుతుంది, నాకు తెలుసు. నవ్వుకున్నాను. నలభై మూడింటినీ ఎంచి, ఆ రెండు పుర్రెలతో సహా తుడిచేశాను. మిగిలినవాటికి నంబర్లు వరసగా వేసి, పాత ఫైలు మీదే సేవ్ చేశాను. అంతటితో ఆగితే బాగుండేది. రెండు వైపులా ఒకేలా ఉండాలని ఆ శుభ్రమైన జాబితాను పాత పెట్టెలోకి కూడా దించాను. ప్రతి పనికీ ముందు ఒక కాపీ దాచే అలవాటు నాది. ఆ రోజు లోచో రెండు ప్లేట్లు తిన్న మైకంలో దాచలేదు.

మర్నాడు పొద్దున రమణ్‌భాయ్ వచ్చాడు. కంప్యూటర్లో సముద్రం చూపించాను. తలూపాడు. రూటు చూపించాను. తలూపాడు. ఏదో మొహమాటానికి చూస్తున్నట్టుంది. తర్వాత కళ్ళజోడు పెట్టుకుని, "జమీన్‌వాలే కహా హై?" అన్నాడు.

నేలవి చెత్త కాబట్టి తీసేశానని గర్వంగా చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి, మెట్ల వైపు తిరిగి, "సత్తాబేన్!" అని పిలిచాడు.

సత్తవ్వ చెప్పింది

గరిట చేత్తోనే వచ్చింది. సంగతి విని ముక్కున వేలేసుకుంది. ఆమె నన్ను తిట్టలేదు, అదే కష్టంగా ఉంది.

"మొదటిసారి బంద్ పెట్టినప్పుడు మగ్గాలు ఆగినయి తమ్మీ. పిలగాండ్లు అర్రల్లనే ఉన్నరు, ఊరికి పోయెతందుకు బండి లేదు, చేతుల పైస లేదు. నేను అన్నం వండిన. రమణ్‌భాయ్ చేపల టెంపో ఇచ్చిండు. గా వాసనకు పోలీసోళ్లు గూడ దగ్గరికి రాలె. గని ఏ గల్లీల ఏ అర్ర? అన్ని ఒక్కతీరే ఉంటయి. ఫోన్ల మ్యాపు గల్లీ మొగదాలనే ఆగిపోతది. అప్పుడు ఈయన బోటుల పెట్టె ఊడదీసి టెంపోల పెట్టిండు. ఒక్కపారి మార్కు కొడితె సముద్రం నడుమ గూడ మళ్ల గాడికే తీస్కపోతది, గల్లీ ఎంత అన్నడు. అన్నం కోసం ఆగే జాగ గదా అని లంగరు బొమ్మ పెట్టిండు."

"మరి పుర్రెలు?"

"కుక్కలు."

రమణ్‌భాయ్ అప్పుడు మెల్లగా హిందీలో చెప్పాడు. సముద్రం మార్కులు ఆయన తలలోనే ఉన్నాయట, నలభై ఏళ్ళుగా. కంప్యూటర్లోకి ఎక్కించమన్నది నేలవాటినే. ఆగస్టులో ఆయన సముద్రానికి వెళితే పెట్టె కూడా వెళ్ళిపోతుంది. సత్తవ్వ చేతికి కాగితం మీద ఆ నంబర్లు కావాలి.

"మూడోది వస్తదంటున్నరు. టెంపో ఎవడన్న నడుపుతడు. అన్నం ఎవలన్న వండుతరు. నేనే మంచంల పడితె, ఏడికి పోవాల్నో ఎవలకెర్క?" అంది సత్తవ్వ.

విశాఖ నుంచి పనిగట్టుకుని వచ్చి, వాళ్ళకు కావలసిన నలభై మూడింటినే ఏరి ఏరి తుడిచేశాను. తలకొట్టేసినట్టయింది. తిరుగు టికెట్టు ఆ సాయంత్రానికి ఉంది. రద్దు చేశాను. "పదండి, మళ్ళీ కొడదాం" అన్నాను. చేతులు కాలాక ఆకులే గతి.

గల్లీల్లో బోటు

మూడు రోజులు తిరిగాం. టెంపో రమణ్‌భాయ్ నడిపాడు, మధ్యలో సత్తవ్వ, అంచున నేను, నా ఒళ్ళో పెట్టె. యాంటెన్నాను టెంపో పైకప్పుకు తాడుతో కట్టాం. ఈ పెట్టెకు రోడ్లు తెలియవు. నేలంతా దానికి ఒకటే పసుపు రంగు. ఆ పసుపు మీద మా బోటు బొమ్మ గంటకు పదమూడు నాటికల్ మైళ్ళ వేగంతో సాగిపోతుంటే, అయిదు నిమిషాలకోసారి లోతు అందడం లేదు జాగ్రత్త అని కూత పెట్టేది. తెర ఎడమ సగం నల్లగా ఉండడంతో ఎడమవైపు ఏముందో తెలియదు, వీలైనంత వరకు కుడికే తిరిగాం. ఒక చౌరస్తాలో ట్రాఫిక్ పోలీసు ఆపి ఇదేమిటని అడిగాడు. బోటు యంత్రం అన్నాడు రమణ్‌భాయ్. పోలీసు టెంపో వెనక్కి వెళ్ళి బోటు కోసం చూసి వచ్చాడు. చేపల వాసన తగిలి వెళ్ళమన్నాడు.

సత్తవ్వకు గల్లీలు గుర్తులేవు, తిండి గుర్తుంది. "ఈడ పచ్చిపులుసు అడిగేటోళ్లు. గట్ల ముందుకు పోనియ్. ఆఁ, గీ అర్రల అందరు కారం తక్వ తింటరు, ఖమ్మం దిక్కు పిలగాడొకడు మాత్రం ఒట్టి మిరపకాయ నమిలేటోడు." దిగి తలుపు కొడితే నిజంగానే మిరపకాయ పిల్లవాడు బయటికొచ్చాడు. నేను మార్కు కొట్టాను. మగ్గాల చప్పుడుకు అలవాటుపడి వాళ్ళందరూ అరిచి మాట్లాడుకుంటారు. పక్కన నిలబడి క్షేమసమాచారం అడిగినా కొట్లాటకు వచ్చినట్టే ఉంటుంది. ఒక అర్రలో, అంటే గదిలో, నలుగురు పడుకునే చోట పన్నెండు మంది. పగటి పనివాళ్ళు లేస్తే రాత్రి పనివాళ్ళు అదే పరుపు మీద వాలతారు. నా గదిలో దుప్పటి మడత ఎవరైనా మారుస్తారేమోనని భయపడే నేను ఆ పరుపుల మీదే కూర్చుని టీ తాగాను.

కతర్‌గామ్‌లో ఒక పాత మేడ. కింద వజ్రాలు సానపట్టే దుకాణం, పైన జశోదాబా అనే ఎనభై ఏళ్ళ గుజరాతీ ముసలమ్మ ఒక్కర్తే ఉంటుంది. "ఈమె మనవాళ్ళు కాదు కదా?" అన్నాను సత్తవ్వతో.

"గాదు. గని లోపల్నుంచి తాళమేస్కోని కూసున్నది. కింద దుకాణమోళ్లు పోయిన్రు. కిటికీల నుంచి చెయ్యి ఊపింది, ఆగినం."

జశోదాబాకు ఆ ఋణం ఏమీ గుర్తున్నట్టు లేదు. సత్తవ్వను చూడగానే మీ పప్పులో బెల్లం ఎప్పుడు వేస్తారని నిలదీసింది. అన్ని రోజులూ బెల్లంముక్క కొరుక్కుంటూ ఆ కారం మింగానని నాతో మొరపెట్టుకుంది. నేను మెట్ల దగ్గర మార్కు కొడుతుంటే పట్టుకుంది. అక్కడ కాదు, పైన వంటింటి దగ్గర కొట్టాలి, లేకపోతే డబ్బా కిందే పెట్టి పోతారు, తన మోకాళ్ళు చూడలేదా అంది. పెట్టెకు అంతస్తులు తెలియవమ్మా, సముద్రానికి మేడలుండవు అని చెప్పాను. వినలేదు. పెట్టెను మోసుకుని పైకి వెళ్ళి వంటింట్లో కొట్టాను. చోటు అదే వచ్చింది. ఆవిడ తృప్తిగా నా నోట్లో పంచదార పోసింది.

పదిహేడు

మూడో రోజు కడోదరా. దారిలో సత్తవ్వ ఉన్నట్టుండి, "నీకొచ్చిందా తమ్మీ గా రోగం?" అంది.

వచ్చిందన్నాను.

"అన్నం ఎవలు పెట్టిన్రు?"

"బిస్కెట్లు ఉన్నాయి."

ఆమె నా వైపు చూసి, తర్వాత రోడ్డు వైపు చూసింది. కిటికీలోంచి దుమ్ము వస్తోందని అద్దం పైకి తిప్పుకున్నాను.

కడోదరాలో మొదటి పుర్రె మమ్మల్ని చూసి తోకాడించింది. అన్నాళ్ళూ దానికీ ఇంత ముద్ద పెట్టారట. దానికి ఈసారి పుర్రె బదులు నంబరు లేని లంగరు పెట్టమంది సత్తవ్వ. రెండో పుర్రె నా రెండో చెప్పు పట్టుకుపోయింది, దానికి మళ్ళీ పుర్రే పెట్టాను. ఒక్కో తలుపూ కొట్టుకుంటూ వెళ్ళాం. పాత వరస ఆమెకు తెలుసు, ఆమె చెప్పిన నంబరే వేస్తున్నాను. పద్దెనిమిది అయింది, పందొమ్మిది అయింది. పదిహేడు ఎక్కడని అడిగాను.

టెంపో ఒక రేకుల వరస ముందు ఆగింది. సత్తవ్వ దిగలేదు.

"గిది కొట్టకు. ఓదెలని ఒకాయన ఉండె. మొన్న ఏప్రిల్‌ల పోయిండు. అందరిట్ల ఆయనొక్కడే డబ్బా కడిగి ఇచ్చేటోడు. కడిగి, తుడిచి, మూత పెట్టి గుమ్మం బయట పెట్టేటోడు" అంది.

రమణ్‌భాయ్ ఇంజను ఆపాడు. లోతు అందడం లేదని పెట్టె కూసింది. నేను దాని నోరు నొక్కాను.

సాయంత్రానికి నలభై రెండు అయ్యాయి. ఒకటి నుంచి నలభై మూడు దాకా, మధ్యలో పదిహేడు లేదు. వరసలో ఖాళీ ఉంటే నేను నిలవలేనని ఇంతకుముందే చెప్పాను, టెంపోలో సత్తవ్వకూ చెప్పాను. నంబర్లు జరిపి సరిచేద్దామని మీట దాకా వేలు వెళ్ళింది. జరపలేదు.

వెళ్ళే రోజు

కొత్త పెట్టెలోకి అన్నీ దించాను. కంప్యూటర్లో మూడు కాపీలు దాచాను. సత్తవ్వకు పెద్ద అక్షరాల్లో కాగితం అచ్చు తీయించి ఇచ్చాను. ఒక్కో వరసలో నంబరు, అక్షాంశం, రేఖాంశం. ఆ అంకెలు ఏ ఫోన్లో కొట్టినా, ఏ పెట్టెలో కొట్టినా గుమ్మం దాకా తీసుకెళతాయని చెప్పాను.

ఆమె వేలితో వరసలు లెక్కపెడుతూ పదిహేడు దగ్గర ఆగింది. "మీ ఇల్లు ఏడ తమ్మీ?"

విశాఖ అన్నాను.

"గట్ల గాదు. గీ అంకెల్ల చెప్పు."

ఎందుకని అడిగాను. "వరుసల జాగ ఇడిస్తె నీకు పడదంటివి గదా" అంది. పాతికేళ్ళలో ఎవరికీ ఇవ్వని చిరునామా ఆమెకు డిగ్రీలతో సహా చెప్పాను. పదిహేడో వరసలో పెన్నుతో రాయించుకుంది. రమణ్‌భాయ్ కొత్త పెట్టెలోనూ కొట్టించాడు, లంగరు బొమ్మతో. తూర్పుగా ఆరు వందల ఇరవై ఎనిమిది మైళ్ళు అని చూపించింది పెట్టె. టెంపో వేగానికి రెండు రోజులు.

"రెండు దినాలా? జొన్నరొట్టె కడితె ఏం గాదు" అంది సత్తవ్వ. ముగ్గురం నవ్వాం. స్టేషన్‌కు ఆమె కొనిచ్చిన కొత్త చెప్పులతో వెళ్ళాను. ఒక నంబరు పెద్దవి.

ఇంటికొచ్చాక

మూడో వేవ్ జనవరిలో వచ్చింది. పెద్దగా కోరలు లేనిదే, అయినా నన్ను వదల్లేదు. సత్తవ్వ ఫోన్ చేసింది. ఖటోదరాలో అందరూ బాగున్నారట, కాగితం గోడకు అంటించిందట. ఎట్లున్నవంటే బాగానే ఉన్నానన్నాను. మాట మధ్యలో దగ్గు వచ్చింది. జలుబు అన్నాను. ఆమె సరేనని పెట్టేసింది.

మూడో రోజు మధ్యాహ్నం వీధిలో ఎవరో ఎదురింటివాళ్ళతో గొడవపడుతున్నారు. తర్వాత నా తలుపు కొట్టారు. పాతికేళ్ళలో ఆ తలుపు కొట్టింది కరెంటు బిల్లువాడు ఒక్కడే. కిటికీ తెరిచాను. మాస్కు కళ్ళ దాకా లాక్కుని, ఒక చేతిలో బోటులో వాడే చేతి జీపీఎస్, మరో చేతిలో స్టీలు డబ్బాతో నూకరాజు నిలబడి ఉన్నాడు.

"మేస్టారూ, పదిహేడో నంబరు ఇదేనాండి? మీ మిషన్ పది గజాలు తేడా సూపింది, ఎదురింటోళ్ళకి అన్నం ఇచ్చేసేవోణ్ణి. సూరత్ నుంచి సత్తవ్వగారంట, మా రమణ్‌భాయ్ ఫోన్లోంచి అంకెలు సదివి మరీ రాయించేరు. తప్పు రాస్తే తంతానన్నారు. పండుగొప్ప సేప పులుసండి, మా ఆవిడ సేసింది. లోనికి రాన్లెండి, గుమ్మం కాడ ఎట్టి ఎల్తాను. రేపొచ్చి డబ్బా తీసుకెల్తాను."

వాడు మెట్లు దిగేదాకా ఆగి తలుపు తీశాను. డబ్బా ఇంకా వేడిగా ఉంది. గుమ్మంలోనే కూర్చుని తిన్నాను. ముక్కు పనిచేయకపోయినా ఏడుపు మాత్రం బాగానే వచ్చింది. తర్వాత లేచి డబ్బా కడిగి, తుడిచి, మూత పెట్టి గుమ్మం బయట పెట్టాను.